శ్రవ్యదృశ్య రచనలలో ఉదాహరణ స్వాతంత్ర్యము: కాపీరైటు చట్టము ననుసరించి ఒక పరిశీలనము

1. విషయోపక్రమము

పాత తెలుగు అచ్చుపుస్తకముల ముఖపత్రముమీదనో, దాని వెనుకనో “సర్వస్వామ్య సంకలితము” అను మాట తఱచుగా కన్పట్టును. గ్రంథమునకు సంబంధించిన హక్కులన్నియు గ్రంథకర్తయందో ప్రకాశకునియందో నిలిచియున్నవని దాని భావము. ఐనను ఆ మాట అచ్చైన పుస్తకములనుండియే విమర్శకులు పద్యములను ఉదాహరించుచు వచ్చిరి. నిఘంటుకర్తలు ప్రయోగములను గ్రహించిరి. వ్యాకర్తలు లక్ష్యములను చూపిరి. దానిని ఎవ్వరును చౌర్యమనలేదు. స్వామ్యము సర్వమైనను అందులో ఉదాహరణకు చోటు కలదను సమ్మతి విద్వల్లోకమున మొదటినుండియు ఉన్నది.

నేడు ఆ విమర్శకుడే తన వ్యాసమును కాగితముమీద వ్రాయుటకు మారుగా కంఠముతో చెప్పి, చేతిఫోనుతో చిత్రీకరించి లోకమునకు అందించుచున్నాడు. పద్యనాటకములోని రాగవరుసను వివరింపదలచినవాడు ఆ పద్యమును వినిపింపవలెను. చలనచిత్రములోని సంభాషణశైలిని విమర్శింపదలచినవాడు ఆ సన్నివేశమును చూపవలెను. కాగితముమీద నాలుగు పంక్తులను ఎత్తి వ్రాసినవానికి రాని చిక్కు, అదే పనిని ధ్వనిరూపమున చేసినవానికి వచ్చుచున్నది. సంస్థల యండ గాని న్యాయవాదుల సాయము గాని లేని స్వతంత్ర నిర్మాత ఒక్క ఆక్షేపణ వచ్చినంతనే తన పాఠమును తొలగించుకొనుటయో, ఉదాహరణమును విడిచి విమర్శను సారాంశముగా కుదించుటయో జరుగుచున్నది. లక్ష్యము లేని లక్షణము విద్యకు నిలువదు. కావున శ్రవ్యదృశ్య రచనలలో ఉదాహరణకు భారతీయ చట్టము ఎంత చోటు నిచ్చినదో పరిశీలించుట భాషాశాస్త్రజ్ఞులకును సాహిత్యాధ్యాపకులకును ఆవశ్యకము.

2. లక్షణకర్త, సంకలనకర్త

ఉదాహరణ మనునది తెలుగు శాస్త్రవాఙ్మయమునకు క్రొత్త గాదు. అప్పకవి మొదలగు లాక్షణికులు పూర్వకవుల పద్యములను చూపి యతిప్రాసాది నియమములను నిరూపించిరి. పెదపాటి జగ్గన ప్రబంధరత్నాకరమున పూర్వకావ్యములనుండి పద్యములను ఏర్చి కూర్చెను. మూలములు నశించిన కావ్యములు పెక్కింటి పద్యములు ఇట్టి సంకలనములందు మాత్రమే నిలిచినవి. వానిని ఆధారముగా గొని వేటూరి ప్రభాకరశాస్త్రి 1918లో ప్రబంధరత్నావళిని ప్రకటించిరి. ఉదాహరించుట సాహిత్యమును క్షయింపజేయలేదు సరికదా, అనేక స్థలముల రక్షించినది.

ఐతే ఈ రెండు పనులకును భేదము కలదు. లాక్షణికుడు పద్యమును ఎత్తుకొనునది తాను చెప్పు లక్షణమునకు లక్ష్యముగా. పద్యము అక్కడ సాధనము, చర్చ సాధ్యము. సంకలనకర్త పద్యమును ఎత్తుకొనునది పద్యముకొఱకే. పాఠకుడు దానిని మూలమునకు మారుగా చదివి ఆనందింపవచ్చును. ఆ కాలమున ఈ భేదమునకు చట్టరీత్యా ప్రయోజనము లేదు. నేటి చట్టమునకు మాత్రము ఇదియే కీలకము. మొదటిపని విమర్శ, రెండవపని, కవి హక్కు కాలము చెల్లనప్పుడు, అనుమతి లేక చేయదగనిది. శ్రవ్యదృశ్య రచనలలోని సందేహములు చాలవఱకు ఈ యొక్క విభాగముతో తేలిపోవును.

3. ఒక్క పాటలోని అనేక స్వామ్యములు

అచ్చుపుస్తకమునుండి పద్యమును ఎత్తినప్పుడు సాధారణముగా ఒక్క హక్కే ప్రశ్నకు వచ్చును. ధ్వనిముద్రణమునుండి పాటను ఎత్తినప్పుడు అట్లు కాదు. 1958 జనవరి 21న అమలులోనికి వచ్చిన 1957 నాటి కాపీరైటు చట్టము సాహిత్య, నాటక, సంగీత, కళాకృతులను ఒక తరగతిగను, చలనచిత్రమును వేఱొక తరగతిగను, ధ్వనిముద్రణమును ఇంకొక తరగతిగను పరిగణించినది. పాటలోని మాటలు సాహిత్యకృతి, వరుస సంగీతకృతి, వానిని పాడి నిలిపిన ముద్రణము మూడవది. చిత్రమందలి హక్కు, దానిలో ఇమిడిన కృతుల ప్రత్యేకహక్కులను హరింపదని 13వ సెక్షను చెప్పుచున్నది. వీనికి తోడు 1994 నాటి సవరణము గాయకులు, నటులు, కథకులు మొదలగువారికి ప్రదర్శకహక్కును ప్రసాదించినది. దాని కాలపరిమితి 1999 నాటి సవరణముతో 50 సంవత్సరము లయ్యెను.

ఈ పొరలకు కాలపరిమితులు వేఱు. సాహిత్య సంగీతకృతులకు కర్త మరణించిన సంవత్సరమునకు మఱుసటి సంవత్సరారంభమునుండి 60 ఏండ్లు. చలనచిత్ర ధ్వనిముద్రణములకు ప్రచురణసంవత్సరమునకు మఱుసటి సంవత్సరారంభమునుండి 60 ఏండ్లు. పూర్వము 50 ఏండ్లుగా నున్న ఈ పరిమితి, 1941లో మరణించిన రవీంద్రనాథ ఠాకూరు రచనల గడువు 1991 డిసెంబరుతో తీరనుండుటచే, అప్పుడు 60 ఏండ్లకు పెంపబడెను.

ఒక యుదాహరణముతో ఇది స్పష్టమగును. విరాటపర్వకథను గ్రహించిన “నర్తనశాల” చిత్రము 1963లో విడుదలయ్యెను. చట్టసూత్రముల ననుసరించి చలనచిత్రముగా దాని హక్కు 2023 డిసెంబరు 31తో ముగిసినది. కాని దానికి మాటలను, కొన్ని పాటలను కూర్చిన సముద్రాల రాఘవాచార్య 1968లో మరణించిరి. వారి సాహిత్యమునకు 2028 తుదివఱకును హక్కు నిలుచును. సంగీతము కూర్చిన సుసర్ల దక్షిణామూర్తి 2012లో మరణించిరి. వరుసల హక్కు 2072 తుదివఱకును సాగును. తిక్కన విరాటపర్వమునకో యేనాడును ఇట్టి హక్కు లేదు. “ఈ చిత్రము ఇపుడు స్వేచ్ఛావస్తువా?” యను ప్రశ్నకు “అవును” గాని “కాదు” గాని ఒక్కమాటలో సమాధానము చెప్పరాదు. ఏ పొరను గ్రహించుచున్నాము అని మొదట అడుగవలెను.

త్యాగరాజు 1847లో సిద్ధిపొందిరి. వారి కృతిని ఎవరైనను పాడవచ్చును. కాని ఆ కృతిని ఇరువదవ శతాబ్దమున ఒక విద్వాంసుడు పాడగా ఒక సంస్థ ప్రకటించిన ముద్రణమును ఎత్తుకొనుట వేఱు విషయము. ఇట్లే గురజాడ అప్పారావు 1915లో మరణించుటచే కన్యాశుల్కమును ఎవరైనను చదివి వినిపింపవచ్చును. ఐనను ఇటీవలి సంపాదకుడు దానికి చేర్చిన పీఠికను, వ్యాఖ్యను చదువుటకు ఆ స్వేచ్ఛ లేదు. జాషువ (1971) రచనలకు 2031 వఱకును, విశ్వనాథ సత్యనారాయణ (1976) రచనలకు 2036 వఱకును, చలము (1979) రచనలకు 2039 వఱకును, శ్రీశ్రీ (1983) రచనలకు 2043 వఱకును హక్కు వర్తించును. ఇరువదవ శతాబ్ది తెలుగు సాహిత్యమున శ్రోతలు మిక్కిలి కోరు భాగము ఇంకను హక్కు పరిధిలోనే యున్నదని దీనివలన తెలియుచున్నది.

4. న్యాయ్య వినియోగము

హక్కు ఉన్నంతమాత్రమున వాడరాదని కాదు. 52వ సెక్షను హక్కు ఉల్లంఘనముగా పరిగణింపరాని పనులను పేర్కొనుచున్నది. వానిలో మొదటిది న్యాయ్య వినియోగము. స్వకీయోపయోగము, పరిశోధనము, ఆ కృతినిగాని వేఱొక కృతినిగాని గూర్చిన విమర్శ, సమీక్ష, వర్తమాన విషయముల వార్తానివేదనము అను ప్రయోజనములకు న్యాయ్యమైన వినియోగము అనుమతింపబడినది. పూర్వము సాహిత్య, నాటక, సంగీత, కళాకృతులకు పరిమితమై యున్న ఈ వెసులుబాటు 2012 నాటి సవరణముతో, కంప్యూటరు ప్రోగ్రాములు తప్ప, చలనచిత్ర ధ్వనిముద్రణములతో సహా సమస్తకృతులకును విస్తరింపబడెను. స్వతంత్ర నిర్మాతలకు ఈ సవరణము మిక్కిలి ముఖ్యమైనది.

అమెరికా చట్టమున 1976లో చేర్చిన 107వ సెక్షను “ఫెయిర్ యూజ్” అను విశాలసూత్రమును చెప్పి, ప్రయోజనము, కృతిస్వభావము, గ్రహించిన భాగపు పరిమాణము, విపణిపై ప్రభావము అను నాలుగు అంశములను తూచుమన్నది. అందలి ప్రయోజనముల పట్టిక ఉదాహరణప్రాయము. భారతీయచట్టమున “ఫెయిర్ డీలింగ్” అనునది నిర్దిష్ట ప్రయోజనములకు కట్టుబడినది. ముందు ఆ ప్రయోజనములలో ఒకదానిక్రిందికి రావలెను. పిమ్మట వినియోగము న్యాయ్యమై యుండవలెను. అమెరికా గ్రంథములలో చదివిన సూత్రమును ఇచ్చట యథాతథముగా వర్తింపజేయుట పొరపాటు.

భారతీయభాషా విద్వాంసులకు ఈ విషయమున మార్గదర్శకమైన తీర్పు మలయాళ నాటకరంగమునుండి వచ్చినది. తోప్పిల్ భాసి 1952లో వెలువరించిన “నింగళెన్నె కమ్యూనిస్టాక్కి” నాటకమునకు ప్రతినాటకముగా సివిక్ చంద్రన్ “నింగళ్ ఆరె కమ్యూనిస్టాక్కి” అను నాటకమును రచించెను. మూలమునందలి పాత్రలను, సంభాషణలను గ్రహించి ఆ నాటకపు రాజకీయదృష్టినే ప్రశ్నించుట దాని యుద్దేశము. మూలనాటక హక్కుదారులు న్యాయస్థానమునకు ఎక్కగా 1996లో కేరళ ఉన్నతన్యాయస్థానము మూడు విషయములను విచారింపవలెనని చెప్పెను: వ్యాఖ్యతో పోల్చి చూడగా గ్రహించిన భాగపు పరిమాణము, విలువ, గ్రహించుటలోని ప్రయోజనము, రెండు కృతులకును పోటీ కలుగు అవకాశము. గ్రహించినది కొంచెము కాకపోయినను, అది అనుకరణమునకు గాక విమర్శకొఱకు గ్రహించినందున ప్రదర్శనపై నిషేధము నిలువలేదు. ప్రతినాటకమును చూచినవాడు మూలమును చూచినట్లు తృప్తిపడడు. మూలముతో వాదమునకు దిగును. ఇదియే లక్షణకర్తకును సంకలనకర్తకును గల భేదము.

ఇచట మఱి రెండు తీర్పులను స్మరింపవలెను. ఇతివృత్తము, భావము ఎవరి సొత్తును గావనియు, వాని వ్యక్తీకరణరూపమునకే రక్షణ యనియు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసునందు సుప్రీంకోర్టు తేల్చెను. కావున ఒక నవలకథను తన మాటలతో సంగ్రహముగా చెప్పి చర్చించుటకు భయపడ నక్కఱలేదు. ఒక టెలివిజను సంభాషణ కార్యక్రమమున గాయని తాను పూర్వము పాడిన పాటల తునుకలను పాడుట, ఒక ప్రకటనమున చిత్రగీతపు కొలది పదములు వచ్చుట అను విషయములలో 2012లో ఢిల్లీ ఉన్నతన్యాయస్థాన ధర్మాసనము, అత్యల్పమును చట్టము లెక్కింపదను సూత్రమును అన్వయించెను.

ఈ తీర్పులలో గాని చట్టమున గాని “పది సెకండ్లు”, “ముప్పది సెకండ్లు” అను కొలత ఎక్కడను లేదు. లోకమున మాత్రము ఈ నమ్మకము గట్టిగా పాతుకొనినది. ఐదు సెకండ్ల పల్లవిని తన కార్యక్రమమునకు ఆరంభనాదముగా వాడుకొన్నవానికి విమర్శప్రయోజనము లేదు. రెండు నిమిషముల సన్నివేశమును ఆపుచు ఆపుచు ప్రతి సంభాషణకును వ్యాఖ్య చెప్పినవానికి అది కలదు. అట్లే “మూలకర్తకు కృతజ్ఞతలు” అని చెప్పినంతమాత్రమున వినియోగము న్యాయ్యము కాదు. కర్తపేరు చెప్పుట 57వ సెక్షను రక్షించు నైతికహక్కునకు సంబంధించిన ధర్మము. దానిని తప్పక పాటింపవలెను. కాని అది అనుమతికి బదులు కాజాలదు.

5. కొన్ని సందర్భములు

పై సూత్రములను నిత్యము ఎదురగు పనులకు అన్వయించి చూడవచ్చును.

(అ) పఠనము. ప్రకటితమైన సాహిత్యకృతినుండి ఉచితమైన కొంతభాగమును బహిరంగముగా చదువుటను 52వ సెక్షనే అనుమతించుచున్నది. మహాప్రస్థానములోని ఒక ఖండికపై ఉపన్యసించుచు ఆయా చరణములను చదువుటకు ఈ యనుమతియు విమర్శప్రయోజనమును తోడ్పడును. చలము కథను మొదటినుండి తుదివఱకు చదివి శ్రవ్యపుస్తకముగా ప్రకటించుటకు రెండును తోడ్పడవు. చివర రెండు నిమిషములు అభిప్రాయము చెప్పినను దాని స్వభావము మాఱదు.

(ఆ) బోధనము. గురువుగాని శిష్యుడుగాని బోధనసందర్భమున కృతిని పునరుత్పత్తి చేయుట అనుమతింపబడినది. 2016లో ఢిల్లీ విశ్వవిద్యాలయపు పాఠ్యప్రతుల వివాదమున అచ్చటి ఉన్నతన్యాయస్థాన ధర్మాసనము ఈ నియమమును ఉదారముగా వ్యాఖ్యానించి, బోధన మనునది తరగతిగదికి పరిమితము కాదనెను. ఐనను ఆ నియమము గురుశిష్య సంబంధమును ఆశ్రయించినది. నమోదైన విద్యార్థులకు పంపు పాఠమునకు అది ఇచ్చు అండ, లోకమంతయు చూచునట్లు తెఱచి పెట్టిన వీడియోకు అంత గట్టిగా దొరకదు. అట్టి వీడియో విమర్శప్రయోజనముమీదనే నిలువవలెను.

(ఇ) పాడినపాటను మరల పాడుట. వాడుకలో కవర్ పాట యనబడు దీనికి 31సి సెక్షను ప్రత్యేకమార్గమును చూపుచున్నది. మొదటి ముద్రణము జరిగిన సంవత్సరాంతమునుండి ఐదేండ్లు గడువవలెను. ముందుగా నోటీసు, రాయల్టీ చెల్లింపవలెను. సాంకేతికముగా ఆవశ్యకము గాని మార్పులు చేయరాదు. సంవత్సరమునకు ఒక్కొక్క కృతికి కనీసము 50,000 ప్రతులకు రాయల్టీ కట్టవలెను. ఇది ధ్వనిముద్రణమునకు మాత్రమే. దృశ్యమును జోడించిన వీడియోకు వర్తింపదు. ఇంటియొద్ద పాడుకొను గాయకునికి ఈ మార్గము అందనిదనుట స్పష్టము. అట్టివానికి హక్కుదారుల అనుమతి గాని, ప్రసారవేదిక వారితో చేసికొన్న ఒప్పందము గాని ఆధారము.

(ఈ) జానపదకళలు. బుఱ్ఱకథ, ఒగ్గుకథ, హరికథ మున్నగువానిలోని పరంపరాగత కథకు హక్కుదారుడు లేడు. కాని చెప్పుచున్న కళాకారునికి తన ప్రదర్శనముమీద హక్కు కలదు. శుద్ధమైన బోధనమునకో పరిశోధనమునకో మాత్రమే ముద్రించుకొనుటను 39వ సెక్షను అనుమతించుచున్నది. ఆ ముద్రణమునే పిమ్మట బహిరంగముగా ప్రకటించి ఆదాయము పొందుట ఆ యనుమతిని దాటిన పని. వ్రాతపూర్వకముగా ఒప్పుకొన్న ప్రదర్శకునికిని వాణిజ్యవినియోగమున రాయల్టీ హక్కును 38ఏ సెక్షను నిలిపియున్నది. పెద్దసంస్థల హక్కులకు జంకు నిర్మాత, ఊరి కళాకారుని హక్కును మఱచుట తగదు. న్యాయ్య వినియోగమును కోరువాడు ముందు తాను న్యాయముగా వర్తింపవలెను.

(ఉ) నేపథ్యము. బహిరంగస్థలమున శాశ్వతముగా నెలకొల్పిన విగ్రహము చిత్రమున కనబడుట, గోడమీది చిత్తరువు ప్రసంగవశమున నేపథ్యమున వచ్చుట ఉల్లంఘనములు కావు. ఈ మినహాయింపు కళాకృతులకే. నేపథ్యమున వినవచ్చు పాటకు దీనిని వర్తింపజేయరాదు.

6. యంత్రనిర్ణయము, చట్టనిర్ణయము

స్వతంత్ర నిర్మాతకు ఆక్షేపణ సాధారణముగా న్యాయస్థానమునుండి రాదు, ప్రసారవేదికనుండి వచ్చును. యూట్యూబు 2007లో ప్రవేశపెట్టిన కంటెంట్ ఐడీ పద్ధతి, హక్కుదారులు ఇచ్చిన నమూనాలతో క్రొత్త వీడియోలను పోల్చి చూచును. సామ్యము దొరకినచో వీడియోను అడ్డగించుట, ఆదాయమును తమకు మళ్ళించుకొనుట, గణాంకములను మాత్రము గమనించుట అను మూడింటిలో దేనినైనను హక్కుదారు ఎన్నుకొనవచ్చును. ఈ యంత్రము సామ్యమును గుర్తింపగలదు, ప్రయోజనమును గుర్తింపజాలదు. విమర్శకుడు వినిపించిన పల్లవియు, అపహర్త వినిపించిన పల్లవియు దానికి ఒక్కటే. చట్టము ప్రధానముగా చూచు విషయమే యంత్రమునకు కానరాదు.

2013 నాటి కాపీరైటు నియమములలోని 75వ నియమము ఇందులకు కొంత ప్రతిక్రియ నిచ్చుచున్నది. హక్కుదారు వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయునప్పుడు, ఆ వినియోగము 52వ సెక్షను పరిధిలోనికి రాదని కూడ వివరింపవలెను. వేదిక 36 గంటలలో చర్య తీసికొనవలెను. 21 దినములలో న్యాయస్థానపు ఉత్తరువు రాకున్నచో తొలగించిన దానిని మరల అందుబాటులో నుంచవచ్చును. పసిబిడ్డ ఆటను తల్లి చిత్రించిన 29 సెకండ్ల వీడియోలో పాట వినబడిన వివాదమున, 2015లో అమెరికా తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానమును, నోటీసు పంపుటకు ముందు హక్కుదారు న్యాయ్య వినియోగమును ఆలోచింపవలెనని తీర్పు చెప్పెను. రెండు దేశములందును భావ మొక్కటే: న్యాయ్య వినియోగ మనునది పట్టుబడినవాడు చివర చెప్పుకొను సాకు గాదు, ఆక్షేపించువాడు ముందుగానే యోచింపవలసిన విషయము.

7. ఉపసంహారము

శ్రవ్యదృశ్య నిర్మాత తన రచనకు ఒక లక్ష్యపట్టికను సిద్ధపఱచుకొనుట మేలు. గ్రహించిన ప్రతిభాగమునకును మూలమేది, కర్త యెవరు, గ్రహించినది సాహిత్యమా వరుసయా ముద్రణమా, ఎంత గ్రహింపబడినది, దానిమీద చెప్పిన వ్యాఖ్య యేది అను ఐదు విషయములను వ్రాసియుంచవలెను. చివరి గడి నిండని భాగమును తొలగింపవలెను. లేదా అనుమతి పొందవలెను. గ్రంథమున అధోజ్ఞాపికలను వ్రాయు అలవాటు గల విద్వాంసునికి ఇది క్రొత్త శ్రమ గాదు. ఆక్షేపణ వచ్చిననాడు ఈ పట్టికయే ప్రత్యుత్తరమునకు ఆధారమగును.

విశ్వవిద్యాలయశాఖలు ఈ విషయమున చేయదగిన పని కలదు. తమ భాషలలోని ముఖ్యరచయితల మరణసంవత్సరములను, చిత్ర ధ్వనిముద్రణముల ప్రచురణ సంవత్సరములను నిర్ధారించి పట్టికలుగా ప్రకటించినచో, ఏది స్వేచ్ఛావస్తువో ఏది కాదో తెలియక తడబడు అధ్యాపకులకును నిర్మాతలకును ఉపకారమగును. లాక్షణికుల యుదాహరణములు లేకున్నచో, జగ్గన కూర్పు లేకున్నచో, ఎందఱో కవుల పేరులు సైతము మిగులవు. రేపటి పరిశోధకుడు ఈ కాలపు పాటను, నాటకమును, చిత్రమును గూర్చి తెలిసికొనునది నేటి విమర్శలందలి ఉదాహరణముల మూలమున గూడ. చట్టము ఆ ఉదాహరణకు చోటు విడిచియే యున్నది. తెలియక దానిని వదలుకొనుటయు, దానిపేర పరులసొత్తును అపహరించుటయు రెండును విద్యకు హానియే.